మంట తగ్గిందా

మా ఊళ్ళో చర్చి వెనక సందుకి ఈ ఏడు చెడ్డపేరు వచ్చింది. దీపాలు పెట్టే వేళ దాటితే అటు ఎవరూ నడవరు. గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు కూడా, చుట్టుతిరుగుడైనా సరే, బడి గోడ పక్కనుంచే పోతున్నారు.

సందు చివరి ఇల్లు ప్రసన్నకుమార్‌ది. ఇంటి వెనక దొడ్లో, ఒక మూలన, రేకులు కప్పిన స్నానాలగది ఉంది. తలుపుకి తాళం. లోపల మనిషి లేడు. అయినా పొద్దుగూకాక, మిరపకోతల కూలీల ఆటో సందు మొగదల ఆగి హారన్ కొట్టిందంటే... డాబా మీద పంపు గుర్రుమంటుంది. తాళం వేసిన గదిలో షవర్ నీళ్ళు పడుతుంటాయి — ఎవరో నిలబడి స్నానం చేస్తున్నట్టు.

కాసేపే. తర్వాత దానంతటదే ఆగిపోతుంది.

తాళం తీసి చూస్తే నేలంతా తడి. అడుగుల గుర్తు ఒక్కటీ ఉండదు.

ఆ పంపు నా కొట్లో కొన్నదే. నా పేరు జక్రయ్య, పైపులూ మోటార్లూ అమ్ముకుంటాను. దెయ్యమంటే అన్నారు, "జక్రయ్య కొట్లో పంపు తెచ్చారు, దెయ్యం పట్టింది" అని నా కొట్టుని కూడా కథలో కలిపారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ సంగతి తేల్చుకురమ్మని, మోటార్లు బాగుచేసే కలీంని పంపింది నేనే. వాడు చూసొచ్చి, నా కొట్లో స్టూలు మీద కూర్చుని చెప్పిందే మీకు చెబుతున్నాను. చెప్పేటప్పుడు వాడు మధ్యమధ్యలో ఆగిపోయాడు. నేను కూడా ఆగితే ఏమీ అనుకోకండి.

ముందు క్రిస్టీనా గురించి చెప్పాలి.

ప్రసన్నకుమార్ భార్య. మిరపకోతలకి వెళ్ళేది. పొద్దుట్నుంచీ పండుమిరప కోసిన చేతులు ఎలా ఉంటాయో కోసినవాళ్ళకే తెలుసు. ఆముదం రాసుకున్నా, తొడుగులు వేసుకున్నా, సాయంత్రానికి చేతులు నిప్పులే. అన్నం కలుపుకోలేరు, కన్ను నలుపుకోలేరు. కూతురు స్తుతి చంటిపిల్లగా ఉన్నప్పుడు, ఒకరోజు కోత నుంచి రాగానే ఆత్రంకొద్దీ ఎత్తుకుంది. పిల్ల బుగ్గలు కందిపోయాయి. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చింది.

ఆ రోజు నుంచి క్రిస్టీనా స్నానం చెయ్యకుండా పిల్లని ముట్టుకోలేదు. ఆటో దిగి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తిపట్టుకుని సందులో నడిచి వచ్చేది. పిల్ల ఎదురు పరిగెత్తేది. "ముట్టుకోవద్దు, కారం చేతులు... ముట్టుకోవద్దు!" అని ఈవిడ, చుట్టూ గంతులేస్తూ ఆ పిల్ల. సందంతా నవ్వేది. "పోలీసులు పట్టుకున్న దొంగలా వస్తావేంటే" అని పక్కింటి వెంకటరావమ్మ రోజూ ఎగతాళి చేసేది.

షవర్ పెట్టించుకున్నది కూడా అందుకే. చెంబు ముట్టుకుంటే చెంబుకి కారం, కుళాయి ముట్టుకుంటే కుళాయికి కారం. "నేను దేన్నీ ముట్టుకోకుండా నెత్తిన నీళ్ళు పడాలి" అని మొగుణ్ణి అడిగింది. డాబా మీద ట్యాంకు ఎత్తు చాలదు, ఉత్త షవర్ పెడితే నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడతాయి. అందుకని చిన్న పంపు పెట్టించారు. దానికి స్విచ్చి వెయ్యక్కర్లేదు. కుళాయి తిప్పగానే పైపులో నీళ్ళు కదులుతాయి, పంపు తిరుగుతుంది. కట్టేస్తే ఆగుతుంది.

ప్రసన్నకుమార్ అప్పట్లో మిర్చి లోడుతో నాగపూర్, ఇండోర్ తిరిగే లారీ డ్రైవరు. పంపు కొనిచ్చి లోడుకి వెళ్ళిపోయాడు. పైపులన్నీ ఆవిడే దగ్గరుండి, ఒంగోలు నుంచి వచ్చిన మేస్త్రీ చేత వేయించుకుంది. ఇంటికొచ్చిన నాలుగు రోజులూ అతను ముంగిట్లో నీళ్ళ గాబు దగ్గరే స్నానం చేసేవాడు. ఆ గదిలోకి తొంగిచూసింది లేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, కోత నుంచి తిరిగొస్తుంటే కాలవ మలుపులో ఆటో తిరగబడింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. క్రిస్టీనా బయటపడలేదు.

మర్నాడు ఆస్పత్రి నుంచి తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. నేనూ ఉన్నాను అక్కడ. గుడ్డ అంచున ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. వేళ్ళ సందుల్లో మిరప ఎరుపు ఇంకా పోలేదు. నేను తల తిప్పుకున్నాను.

కొన్నాళ్ళు కోతలు ఆగాయి. మళ్ళీ పంట పండింది, వేరే ఆటో వచ్చి కూలీలని ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ఆ ఆటో సందు మొగదల ఆగి హారన్ కొట్టిన మొదటి సాయంత్రమే...

పంపు తిరిగింది.

గోడ అవతల గిన్నెలు తోముకుంటున్న వెంకటరావమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. "క్రిస్టీనా వచ్చిందర్రోయ్! స్నానం చేస్తోంది!" అని సందులోకి పరిగెత్తిందట. ఇంక చెప్పేదేముంది. ఆ మాట పెదకాకాని దాకా పోయింది.

అప్పటికి ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. ప్రసన్నకుమార్, ఆరేళ్ళ స్తుతి, క్రిస్టీనా తల్లి దేవకుమారి. ఆవిడది పొదిలి. బిడ్డ చావుకి వచ్చి, మనవరాలి కోసం ఉండిపోయింది. జీవితమంతా మెట్టచేలో కూలి చేసిన మనిషి, దేనికీ తొణకదు. స్నానాలగదికి తాళం వేసి, చెవి రొంటిన దోపుకుంది. పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించింది. ఆయన ప్రార్థన ముగించి, డాబా వైపు ఒకసారి చూసి, "అమ్మా, ఇది నాతో అయ్యే పని కాదు, కరెంటు తెలిసినవాణ్ణి పిలిపించండి" అన్నారు. తెలివైన మనిషి.

అయినా దేవకుమారి తట్టుకునేదే. పిల్ల చేతుల మీద గీతలు కనపడకపోతే.

మోచేతుల నుంచి మణికట్ల దాకా సన్నగా ఎర్రటి గీతలు. గోళ్ళతో గీరినట్టు. ఒకరోజు గీతలు మాని, ఇంకోరోజు కొత్తవి. పంపు తిరిగిన సాయంత్రమే కనపడేవి.

"ఎవరు గీరారే?" అంటే పిల్ల చేతులు వెనక్కి దాచుకునేది.

"కన్నతల్లయినా సరే, చచ్చినాక అది తల్లి కాదు" అంది దేవకుమారి అల్లుడితో. తన బిడ్డ గురించి అలా అనడానికి ఆవిడ గుండె ఎంత రాయి చేసుకుందో! "ఆదివారం ఆరాధన కాగానే పిల్లని తీసుకుని పొదిలి పోతున్నా. అడ్డం రాబాకు."

ప్రసన్నకుమార్ నా కొట్టుకి వచ్చాడు. దూరం లోడ్లు మానేశాడతను. గుంటూరు యార్డుకి మిర్చి బస్తాలు చేరవేస్తూ, ఏ రాత్రికారాత్రి ఇంటికొచ్చి పిల్ల పక్కన పడుకుంటున్నాడు. కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా... అది మోటారు రిపేరని ఎవరన్నా తేల్చండన్నా. మా అత్త నమ్మేటట్టు చెప్పండి. పెళ్ళాం పోయింది. పిల్ల కూడా పోతే ఆ ఇంట్లో నేనెందుకు?"

లారీ మీద దేశమంతా తిరిగిన మనిషి. నా కొట్లో పైపుముక్కల మధ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు కలీంని పిలిచాను. కలీం మంచి పనివాడే. కాకపోతే పొద్దుగూకితే వాడి నీడ చూసి వాడే పక్కకి తప్పుకుంటాడు. పగలు వెళ్తానన్నాడు. పగలే పంపాను.

"ఇలాంటి పంపు ఊరికే తిరిగిందంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టు అన్నా" అన్నాడు వెళ్ళేముందు. "చుక్క కారినా చాలు, ఎవరో కుళాయి తిప్పారనుకుని అది తిరుగుతుంది. లేదంటే దాని స్విచ్చి ఇరుక్కుపోయి ఉంటుంది. ఇందులో దెయ్యమేముంది?"

మధ్యాహ్నం ఎండలో డాబా ఎక్కి పంపు విప్పాడు. జాయింట్లన్నీ చూశాడు, ఎక్కడా చెమ్మ లేదు. నా దగ్గర కొత్త స్విచ్చి పట్టుకెళ్ళి వేశాడు. ఎందుకైనా మంచిదని నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వు కూడా మార్చాడు. "అయిపోయిందమ్మా, ఇంక మీకే భయమూ లేదు" అని దేవకుమారికి చెప్పి, ఛాతీ విరుచుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఆటో హారన్ కొట్టింది...

పంపు తిరిగింది.

మర్నాడు శుక్రవారం. కలీంకి రోషం వచ్చింది. భయమున్నవాడికి రోషం వస్తే మనం ఆపడం కష్టం. చీకటిపడేవేళ, పంపు తిరిగే సమయానికే ఆ గదిలో ఉండి చూస్తానన్నాడు.

దేవకుమారి రొంటి నుంచి తాళంచెవి తీసి ఇచ్చింది. మొహం చూడకుండా ఇచ్చింది. "బాబూ... లోపలికెళ్ళినాక తలుపు మూసుకోబాకు" అంది.

లోపల నేల పొడిగా ఉంది. గూట్లో అరిగిపోయిన సబ్బు, దానికి అంటుకుపోయిన పొడవాటి వెంట్రుక. కలీం ఫోన్ లైటు వేసి షవర్ కుళాయి చూశాడు.

కుళాయి పూర్తిగా తెరిచి ఉంది.

నీళ్ళు మాత్రం రావట్లేదు. ఒక్క చుక్క కూడా. కట్టి మళ్ళీ తిప్పాడు. లేదు. పానాతో గోడ మీద తట్టాడు. పైపు గోడలో ఉంది, ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. గది వెనక పత్తికట్టె మోపులు నిలువెత్తున పేర్చి ఉన్నాయి, అటు చూసే దారి లేదు. ఉన్నది ఉన్నట్టే కుళాయి తెరిచి వదిలేసి, ఆలోచిస్తూ నిలబడ్డాడు.

బయట వెలుగు పోయింది. సందులో మాటలు ఆగాయి. తలుపులు మూసుకుంటున్న చప్పుళ్ళు... ఒకటి తర్వాత ఒకటి.

హారన్ మోగింది.

గోడ వెనక ఏదో కదిలింది. ఎండుటాకుల్లో పాము పోయినట్టు... గలగల. ఆగింది. మళ్ళీ గలగల.

పైన పంపు గుర్రుమంది.

కలీం చెయ్యి కుళాయి మీద లేదు. ఎవరి చెయ్యీ లేదు. నీళ్ళు ధారగా వాడి నెత్తిన పడ్డాయి. ఫోన్ జారింది, లైటు ఆరింది. చీకట్లో, నీళ్ళ చప్పుడులో... గోడలోంచి ఒక గొంతు. సన్నగా. చెవి దగ్గరే అన్నట్టు.

"...మంట..."

"అమ్మో!" అని ఒక్క కేక పెట్టి బయటపడ్డాడు కలీం. చెప్పులు అక్కడే.

వాకిట్లో వగరుస్తూ కూలబడితే దేవకుమారి వచ్చి అడిగింది, ఏం విన్నావు బాబూ అని. వీడికి దాచే తెలివి ఎక్కడిది? "మంట, మంట అంటోందమ్మా" అని చెప్పేశాడు.

దేవకుమారి ఉన్నచోటే కూర్చుండిపోయింది. తర్వాత గొణిగినట్టు, తనలో తనే...

"నా బిడ్డ మంటల్లో ఉందా? ఇంతకాలం విశ్రాంతిలో ఉందని కదా అనుకుంటున్నా. ఆదివారం ఆదివారం చర్చి ఊడ్చేదే... ఒకళ్ళని పల్లెత్తు మాట అనలేదే... ఏం చేసిందని దానికి మంటలు?"

ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. పిల్ల బట్టలు సంచిలో సర్దింది. పొదిలి బస్సుకి ఇంక ఒక్క రోజు ఉంది.

సంగతి తెలిసి కలీంని చెడామడా తిట్టాను. "పంపు చూడటానికి వెళ్ళావా, ఒక తల్లి గుండె కోయడానికి వెళ్ళావా? మంట అంటే కారం మంట కావచ్చు, కడుపుమంట కావచ్చు, నీకు నరకమే గుర్తొచ్చిందా?" అని కోపంలో అన్నాను. కోపంలో అన్నది నిజమే అవుతుందని నాకు మాత్రం ఏం తెలుసు!

వాడు మాత్రం ఒక మాట పట్టుకున్నాడు. "తిట్టు అన్నా, పడతా. కానీ ఒకటి చెప్పు. లోపల కుళాయి తెరిచే ఉంది. అయినా నీళ్ళు రాలేదు. తర్వాత వాటంతటవే వచ్చాయి. అంటే నీళ్ళని లోపల కాదు, ఇంకెక్కడో ఆపి వదులుతున్నారు. గోడ బయట."

"అయితే బయట నుంచే చూడు. రేపు డాబా మీద కూర్చో. పైనుంచి దొడ్డంతా కనపడుతుంది. దెయ్యానికి మెట్లెక్కే ఓపిక ఉండదులే" అన్నాను.

శనివారం పొద్దుగూకే వేళకి కలీం డాబా ఎక్కాడు. పంపు పక్కన గొంతుకూర్చుని, దాని మీద చెయ్యి వేసుకున్నాడు. ఊరి అవతల కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, కాసేపటికి ఆ ఎరుపూ చీకట్లో కలిసిపోయింది. కింద ముంగిట్లో ప్రసన్నకుమార్, యార్డు నుంచి అప్పుడే వచ్చి, గాబు గట్టు మీద కూర్చున్నాడు. ఇంట్లో దేవకుమారి బైబిలు వాక్యం చదువుతున్న గొంతు.

హారన్ మోగింది.

ఇంట్లో గొంతు ఆగిపోయింది.

కలీం పిట్టగోడ మీద నుంచి దొడ్లోకి వంగి చూశాడు. స్నానాలగది. దాని వెనక పత్తికట్టె మోపులు. గోడకీ మోపులకీ మధ్య సన్నటి ఖాళీ, మనిషి పట్టేంత కూడా లేదు. ఎలుకలు చేరకుండా ఎడంగా పేర్చారని అందరూ అనుకున్నదే...

ఆ ఖాళీలోకి ఏదో వెళ్ళింది.

తెల్లగా. చిన్నగా. నేలకి దగ్గరగా.

గలగల... గలగల...

వాడి చేతి కింద పంపు ఒక్కసారి అదిరింది. తిరగడం మొదలైంది. అప్పుడు వినపడింది గొంతు. గోడ అడ్డం లేకుండా, ఈసారి మాటలన్నీ తెలిశాయి.

"మంట తగ్గిందా అమ్మా?"

నీళ్ళు పడుతున్న చప్పుడు.

"...తగ్గలేదా? సరే. ఉండనీలే."

స్తుతి.

తెల్ల గౌను వేసుకుని, గోడకి చెంప ఆనించి నిలబడి ఉంది. రెండు చేతులూ గోడకున్న వాల్వు మీద. పిల్ల ఛాతీ ఎత్తులో ఉందట ఆ వాల్వు. పెద్దవాళ్ళకి కనపడే ఎత్తు కాదు. గీతలు గీసింది ఏ గోళ్ళో కాదు, పత్తికట్టెకి ఎండిపోయి వేలాడే కాయల ముళ్ళు.

కలీం మెట్లు దిగాడు. ప్రసన్నకుమార్‌నీ దేవకుమారినీ, నోటి మీద వేలు పెట్టి, దొడ్లోకి తీసుకొచ్చాడు. మోపుల పక్కన ముగ్గురూ నిలబడ్డారు. పిల్ల చూసింది. భయపడలేదు. విసుక్కుంది.

"గట్టిగా మాట్లాడబాకండి. అమ్మ స్నానం చేస్తోంది."

దేవకుమారి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "లేదు తల్లీ... అమ్మ ఇంక రాదు. దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది."

"వెళ్ళలేదు. వచ్చింది కదా. తెల్లగుడ్డలో పడుకుంది కదా. నేను చెయ్యి పట్టుకోబోతే ముట్టుకోవద్దన్నావ్ నువ్వే."

దేవకుమారికి గుర్తొచ్చింది. ఆస్పత్రిలో కోసి కుట్టిన శరీరం, పిల్ల ఎక్కడ గుడ్డ లాగి చూస్తుందోనని అన్న మాట అది. ముట్టుకోవద్దమ్మా, ముట్టుకోవద్దు.

"అమ్మ చేతులకి కారం ఉంది, నేను చూశాను. అందుకేగా ముట్టుకోవద్దన్నావ్? స్నానం చేస్తే ముట్టుకోవచ్చుగా. అమ్మ కుళాయి ముట్టుకోదు. నేను తిప్పితేనే అమ్మకి నీళ్ళు."

అది వాళ్ళిద్దరి ఏర్పాటు. షవర్ కుళాయి ఎప్పుడూ తెరిచే ఉంచి, బయట గోడకి పిల్ల చేతికందేటట్టు వాల్వు పెట్టించుకుంది క్రిస్టీనా. హారన్ వినపడగానే ఎదురెళ్ళి గంతులేసిన స్తుతి, అమ్మ కంటే ముందు పరిగెత్తి గది వెనక ఆ ఖాళీలో దూరేది. అమ్మ చేతులెత్తి పట్టుకుని లోపలికి వెళ్ళేది. పిల్ల వాల్వు తిప్పి, గోడకి చెంప పెట్టి అడిగేది, మంట తగ్గిందా అని. లోపల్నించి అమ్మ, "తగ్గలా... ఇంకాస్త..." చివరికి, "తగ్గింది, కట్టెయ్ బంగారూ." అప్పుడు బయటికి వచ్చి, తడి చేతులతో ఎత్తుకునేది. పొద్దుట్నుంచి దాచుకున్న ముద్దులన్నీ పెట్టేది.

"రోజూ అడుగుతున్నా. జవాబు చెప్పట్లేదు" అంది స్తుతి. "తగ్గితే చెప్పేది. ఇంకా తగ్గలేదు... కానీ లోపలే ఉంది నాన్నా. నిన్న అరిచింది. నేను విన్నా."

నా కొట్లో ఈ మాట చెప్పి కలీం స్టూలు మీద అటూ ఇటూ కదిలాడు.

"ఆ కేక నాదన్నా" అన్నాడు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆదివారం పొదిలి బస్సు వెళ్ళింది, దేవకుమారి ఎక్కలేదు. సర్దిన సంచి విప్పేసింది. ఆరాధన నుంచి వస్తూనే కొంగు బిగించి, పత్తికట్టె మోపులన్నీ తనే లాగి అవతల పడేసింది. పిల్ల చేతులు గీసుకోకుండా. తల్లి సంగతి పిల్లకి మెల్లిమెల్లిగా చెబుతాం అంటోంది, ఒక్కసారే వద్దంటోంది. తాళం మాత్రం ఇంక వెయ్యట్లేదు. వెంకటరావమ్మకి నిజం చెబితే, దెయ్యమైతేనే బాగుండేదని ఏడ్చిందట గానీ సందులో ఎవరికీ చెప్పలేదట. అందుకే సందుకి చెడ్డపేరు ఇంకా పోలేదు. పోకపోయినా నాకేం కోపం లేదు ఇప్పుడు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ శనివారం చివర జరిగింది.

ప్రసన్నకుమార్ కూతురి ముందు వంగి, ఎత్తుకోవడానికి చేతులు చాచాడు. స్తుతి గోడకి అతుక్కుపోయింది.

"ముట్టుకోవద్దు నాన్నా... కారం చేతులు."

అతను తన చేతులు చూసుకున్నాడు. పగలంతా మిర్చి బస్తాలు ఎత్తిన చేతులు. ఎర్రగా ఉన్నాయి.

లేచాడు. అత్త రొంటి వైపు చెయ్యి చాచాడు, ఆవిడ తాళంచెవి ఇచ్చింది. తలుపు తీసుకుని, చొక్కా లుంగీతోనే ఉన్నపళంగా లోపలికి వెళ్ళాడు. ఆ ఇల్లు కట్టాక అతను ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. పిల్ల అప్పటికే వాల్వు కట్టేసింది.

"తిప్పు తల్లీ" అన్నాడు లోపల్నించి.

స్తుతి తిప్పింది. పంపు గుర్రుమంది. నీళ్ళు పడ్డాయి. పిల్ల గోడకి చెంప ఆనించింది.

"నాన్నా... మంట తగ్గిందా?"

జవాబు లేదు. నీళ్ళ చప్పుడు ఒకటే. దాంట్లో కలిసి ఇంకో చప్పుడు కూడా ఉంది. మగవాడు ఏడిస్తే అలా ఉంటుందని తనకి తెలియదన్నాడు కలీం. దేవకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాన్నా! మంట తగ్గిందా?"

"తగ్గలేదమ్మా..." అన్నాడు ప్రసన్నకుమార్. "తగ్గట్లేదు. ఇంకాసేపు ఉండనీ."

స్తుతి నవ్విందట. ఇన్నాళ్ళకి గోడ వెనక నుంచి ఒక జవాబు వచ్చింది.

"సరే" అంది, వాల్వు మీద నుంచి చేతులు తియ్యకుండా.

నీళ్ళు అయిపోయాక తిరిగితే పంపు కాలిపోతుంది. ఆ సంగతి కలీంకి బాగా తెలుసు. అయినా వాడు డాబా ఎక్కి కరెంటు తియ్యలేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పంపు అలా తిరుగుతూనే ఉంది.